ఏ ట్యాంకుది, ఎప్పుడు తీసింది? – శని, ఆదివారాల్లో హైదరాబాద్ బ్రూవరీల ఎంపిక గురించి

హన్మకొండలో మా మిత్రుల్లో ఎవరైనా శని, ఆదివారాలకు హైదరాబాద్ వెళ్తున్నారంటే నాకు ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: క్రాఫ్ట్ బీరుకు, అంటే ఫ్యాక్టరీలో కాక చిన్న విడతల్లో అక్కడికక్కడే కాచి పోసే బీరుకు, అక్కడ అన్నిటికన్నా మంచి బ్రూవరీ ఏది? బీరు మీద నాకున్న ఆసక్తి వాళ్లకు తెలుసు కాబట్టి ఒక పేరు చెప్పేస్తానని వారి ఆశ. నేను చెప్పను. ఏదో దాచుకోవాలని కాదు; ఆ ప్రశ్నకు అడిగిన రూపంలో జవాబు లేదని నా నమ్మకం.

కాజీపేటలోని వైన్స్‌లో కొన్న కింగ్‌ఫిషర్ సీసాకూ, ఆదిలాబాద్‌లో కొన్న సీసాకూ రుచిలో తేడా ఉండకూడదు. ఫ్యాక్టరీ కష్టమంతా అందుకే. బీరును వడగట్టి, వేడి చేసి, అందులోని, దాన్ని పులియబెట్టే ఈస్టును పూర్తిగా నిలిపివేసి, నెలల తరబడి చెడిపోకుండా సీసాలో బిగిస్తారు. అక్కడ పేరు చెబితే చాలు, రుచి చెప్పినట్టే. మైక్రోబ్రూవరీలో తయారయ్యే బీరు సంగతి వేరు. చాలాచోట్ల దాన్ని వడగట్టరు, పాశ్చరైజ్ చేయరు, తయారైన గదికి పక్క గదిలోనే పోస్తారు. ఒక విడత బాగా కుదిరి, మరుసటి విడత తప్పటడుగు వేయవచ్చు. పోయిన నెల అద్భుతంగా ఉన్న గోధుమ బీరు ఈ నెల అమ్ముడుపోక ట్యాంకులోనే ముసలిదై ఉండవచ్చు. అందువల్ల బ్రూవరీ పేరు మీద వేసే ర్యాంకుల పట్టికలన్నీ నిజానికి ఆ చోటి కుర్చీలకు, దీపాలకు, మేడమీది గాలికి వేసిన ర్యాంకులే. బీరు కోసం వెళ్లేవారు ఎంచుకోవలసింది ఆ రోజు ఆ ట్యాంకులో ఉన్న సరుకును.

ఉత్తర తెలంగాణలో పుట్టిపెరిగినవారికి ఈ మాట కొత్తగా అనిపించకూడదు. మా ఊళ్లలో పెద్దలు కల్లు ముందు కూర్చున్నప్పుడు ఎన్నడూ దుకాణం పేరు అడగలేదు. ఈతకల్లా, తాటికల్లా, తాటికల్లు అయితే పోద్దాటిదా, పరుపుతాటిదా, పండుతాటిదా, పొద్దున దించిందా, మాపటిదా, ఏ గౌడన్న గీసిండు, లొట్టి కడిగిండా లేదా: ఇవన్నీ తేలిన తరువాతే తాటాకు రేక పట్టేవారు. చెట్టు మారితే రుచి మారుతుందని, గంటలు గడిస్తే పులుపు పెరుగుతుందని, గీసే చేతిని బట్టి కల్లు ఉంటుందని వారికి ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. ఆ ప్రశ్నలు అడగడం మానేసిన చోటనే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన మందుకల్లు రాజ్యమేలింది. అటువంటి ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లమే జూబ్లీహిల్స్‌లో కూర్చోగానే మెనూలోని బొమ్మ చూసి ఆర్డర్ ఇవ్వడం నాకు వింతగా తోస్తుంది. ఈ బీరు ఏ రోజు ట్యాంకు నుంచి తీయడం మొదలుపెట్టారు, దీన్ని కాచినవారు ఈ ఇంట్లోనే ఉన్నారా అని అడగడానికి మొహమాటం దేనికి?

అడిగినప్పుడు వచ్చే జవాబును తూచడానికి బీరు ఎలా తయారవుతుందో కొంత తెలిసి ఉండాలి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్లను వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి గంటకు పైగా మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు కలిపి వదిలేస్తారు. అక్కడి దాకా ఒక పగటి పని. ఆ తరువాతిదంతా ఎదురుచూపు. ఏల్ అనే రకానికి వాడే ఈస్టు 18 నుంచి 22 డిగ్రీల దగ్గర చురుకుగా పనిచేసి వారం రోజుల్లో పులియబెట్టేస్తుంది. ఇంకొన్ని రోజులు కుదురుకోనిస్తే గ్లాసులోకి వస్తుంది. లాగర్ ఈస్టు 10 డిగ్రీల చుట్టుపక్కల నెమ్మదిగా పనిచేస్తుంది, ఆపైన బీరును సున్నాకు దగ్గరి చలిలో వారాల పాటు నిలవ ఉంచాలి. (నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ తాగునీటిలో ఒక భాగం మన ఎల్లంపల్లి నుంచి పోయే గోదావరి నీరే. అయితే బ్రూవరీలు సాధారణంగా నీటిని శుద్ధి చేసి, ఉప్పులను తమకు కావలసిన మోతాదులో మళ్లీ కలుపుకుంటాయి కనుక, బీరులో మన గోదావరి ఉందని గర్వపడేవారు కొంచెం ఆగాలి.)

ఈ ఎదురుచూపులోనే చిన్న బ్రూవరీ లెక్క అంతా ఉంది. ఒక లాగర్ ట్యాంకును ఆక్రమించి కూర్చున్న కాలంలో రెండు, మూడు విడతల గోధుమ ఏల్ అమ్ముకోవచ్చు. అద్దె మండిపోయే చోట నాలుగైదు ట్యాంకులు పెట్టుకున్న యజమాని ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. మన నగరాల బ్రూవరీల్లో హెఫెవైజెన్, విట్‌బియర్ అనే రెండు గోధుమ బీర్లు ఇంతగా కనిపించడానికి వాటి తేలిక రుచి ఎంత కారణమో, ఈ లెక్కా అంతే కారణమని నా అభిప్రాయం. అది తప్పేమీ కాదు. కానీ ఒక చోట బోర్డు మీద నికార్సైన లాగర్ కనబడి, ఎన్ని వారాలు చలిలో ఉంచారని అడిగితే తడుముకోకుండా జవాబు వచ్చిందంటే, ఆ ఇంటికి ఓపిక ఉందని నేను నమ్ముతాను. 1842లో బొహీమియాలోని పిల్జెన్ పట్టణంలో యోసెఫ్ గ్రోల్ కాచిన బంగారు రంగు లాగర్ నుంచి వచ్చిన పిల్స్‌నర్ తరహాలో తప్పును దాచుకోవడానికి ఏమీ ఉండదు. ముదురు రంగు లేదు, మసాలా లేదు, పండు లేదు. అందుకే బ్రూవర్ చేతిని చూడాలంటే మొదట అత్యంత సాదా బీరునే అడగాలంటాను.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా బామ్మర్ది దీన్ని ఒప్పుకోడు. "పది, పన్నెండు రకాలుంటే మంచిదే గద బావా, ఏదో ఒకటి నచ్చుతది" అంటాడు. నేను అతనికి చెప్పే లెక్క ఇది: వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ కావాలంటే 330 మిల్లీలీటర్ల గ్లాసులు సుమారు 3,000 అమ్ముడుపోవాలి. పది రకాలుంటే 30,000 గ్లాసులు. శుక్ర, శనివారాల రాత్రి జనం ఎంత కిక్కిరిసినా అందులో ఎక్కువమంది తాగేది రెండు, మూడు రకాలే. మిగిలినవి బోర్డు నిండుగా కనిపించడానికి వేలాడుతుంటాయి. ఐదారు రకాలు మాత్రమే పెట్టి, ఒకటి అయిపోతే "ఈ రోజు లేదు, గురువారం వస్తుంది" అని చెప్పే చోటును నేను ముందు ఎంచుకుంటాను. అయిపోయింది అనే మాట బ్రూవరీలో మంచి కబురు. బీరు నిలవ పడకుండా అమ్ముడుపోతున్నదనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. మా వాడు విని తల ఊపుతాడు, మళ్లీ పన్నెండు రకాలున్న చోటికే పిలుస్తాడు. అది వేరే సంగతి.

పెద్ద బోర్డున్న చోటికే వెళ్లక తప్పదనుకుందాం. అప్పుడు వయసుకు తట్టుకునేదాన్ని ఎంచుకోవాలి. హెఫెవైజెన్‌లోని అరటిపండు, లవంగం వాసనలు పండు వేసి, లవంగం వేసి తెచ్చినవి కావు. ఆ జాతి ఈస్టు పులియబెట్టేటప్పుడు తానే పుట్టించినవి. అవి తాజాగా ఉన్నప్పుడే వికసిస్తాయి, పాతబడితే చప్పబడతాయి. హాప్స్ ఎక్కువగా వేసే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) పరిమళమూ అంతే. గాలి సోకినకొద్దీ వారాల్లో వాడిపోయి వట్టి చేదు మిగులుతుంది. వేయించిన బార్లీతో నల్లగా కాచే స్టౌట్ కొంత కాలాన్ని మోయగలదు. కాబట్టి రద్దీ లేని చోట స్టౌట్, రద్దీ ఉన్న చోట గోధుమ బీరు అన్నది నేను పాటించే లెక్క.

ఇక ముక్కు, కన్ను చేయవలసిన పని. చాలా బ్రూవరీలు చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు పెట్టి సాంప్లర్ ఇస్తాయి. అడిగితే ఒక గుక్క ఊరికే రుచి చూపించే చోట్లూ ఉన్నాయి. సాదా బీరులో వెన్న లేదా బటర్ పాప్‌కార్న్ వాసన వచ్చిందంటే అది డయాసిటైల్ అనే పదార్థం. ఈస్టు దాన్ని మొదట పుట్టించి, సమయమిస్తే మళ్లీ తానే తినేస్తుంది. అంటే తొందరపడి చల్లబరిచి అమ్మేశారన్నమాట; లేదా ట్యాపు దాకా బీరును తెచ్చే గొట్టాల్లో సూక్ష్మజీవులు చేరాయన్నమాట. పచ్చి ఆపిల్ వాసన అయితే బీరు ఇంకా పసిది. తడిసిన అట్టపెట్టె వాసన ముసలితనం. పులుపు ఉద్దేశించని బీరులో పుల్లదనం వస్తే ఆ గొట్టాలను కడగలేదని అనుమానించాలి. వాటిని కనీసం రెండు వారాలకోసారి శుభ్రం చేయడం ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. గ్లాసు లోపలి గోడలకు బుడగలు అతుక్కుని కనిపిస్తే గ్లాసు సరిగా కడగలేదు, జిడ్డు మిగిలింది. శుభ్రమైన గ్లాసులో తాగుతున్నకొద్దీ నురుగు వలయాలు వలయాలుగా గోడకు మిగులుతుంది. వీటిలో ఏ ఒక్కటి గమనించినా మర్యాదగా చెప్పి మార్చమనవచ్చు. ఆ సమయంలో వారు నడుచుకునే తీరును బట్టి కూడా ఆ చోటును అంచనా కట్టవచ్చు: మంచి బ్రూవరీలో వెయిటర్ వాదించడు, లోపలికి వెళ్లి కాచినవారిని అడిగి వస్తాడు.

ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన మగ్గుల గురించి ఒక మాట. ఓరుగల్లు ఎండలకు అలవాటుపడిన మనకు అవి చూడగానే ప్రాణం లేచివస్తుంది. కానీ అంత చలికి నాలుక మొద్దుబారుతుంది, లోపం కూడా దాగిపోతుంది. గోధుమ బీరును, ఏల్‌ను కొద్దిగా చల్లదనం తగ్గాక తాగితేనే అందులోని పరిమళం బయటికి వస్తుంది. మామూలు గ్లాసే అడగండి.

పండ్ల బీర్ల మీద నాకున్న అభిప్రాయం కొందరికి నచ్చదని తెలుసు. బవేరియాలో 1516 నాటి చట్టం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ ఉండకూడదన్నది. దాన్ని పట్టుకుని పండు వేసిందల్లా బీరు కాదనేవారి పక్షాన నేను లేను. బెల్జియం విట్‌బియర్‌లో నారింజ తొక్క, మన ధనియాలు పడతాయి. ఆ తరహా దాదాపు అంతరించిపోతే పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో హోగార్డెన్ గ్రామంలో దానికి మళ్లీ ప్రాణం పోశాడు. ఈ రోజు మన నగరాల్లో తాగే విట్‌బియర్లకు అదే మూలం. నా అభ్యంతరమల్లా సిరప్ మీద. ఎండాకాలంలో నిజమైన మామిడి గుజ్జుతో పులియబెట్టిన బీరు ఉంటే సంతోషంగా తాగుతాను. కార్తీక మాసంలో కూడా మామిడి బీరు అదే రంగులో, అదే తీపితో దొరుకుతున్నదంటే, ఆ తీపి కింద ఏ బీరును దాచారో తెలుసుకునే దారి తాగేవారికి ఉండదు. అందుకే బ్రూవరీని ఎంచడానికి అది పనికిరాదు.

దారి విషయానికి వస్తే, మనకు అనుకూలమైన సౌకర్యం ఒకటుంది. హన్మకొండ నుంచి వెళ్లే ఆర్టీసీ బస్సు ఉప్పల్‌లో దించితే, అక్కడి నుంచి మెట్రో నీలం లైను సికింద్రాబాద్, అమీర్‌పేట మీదుగా నేరుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కు, ఇంకా ముందుకు మాదాపూర్, హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా తీసుకుపోతుంది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో అదే లైను అందుకోవచ్చు. నగరంలోని బ్రూవరీల్లో చెప్పుకోదగినంత భాగం ఈ లైను పడమటి కొసన, జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూనే ఉన్నాయి. జూబ్లీహిల్స్ వైపు ప్రోస్ట్, బ్రాడ్‌వే, నగరం టెలిఫోన్ కోడ్‌నే పేరులో పెట్టుకున్న జీరో40 వంటివి తరచుగా వినిపించే పేర్లు. రెండు రోజుల్లో నగరమంతా తిరగాలనుకోవడం దండగ. ఒక ప్రాంతం, అందులో రెండు బ్రూవరీలు, అంతకు మించి పెట్టుకోవద్దు. మూడో చోటికి చేరేసరికి నాలుక చెప్పేదేమీ ఉండదు.

సొంత కారు తీసుకుపోతామనేవారితో నేను వాదించి మరీ మాన్పిస్తాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే చట్టం దృష్టిలో నేరమే. శని, ఆదివారాల రాత్రులు హైదరాబాద్ పోలీసుల తనిఖీలు గట్టిగా ఉంటాయి. తనిఖీ లేకపోయినా తాగి బండి నడపకూడదు, ఆ సంగతి వేరే చెప్పనవసరం లేదు. రాత్రి పదకొండు దాటాక మెట్రోను నమ్ముకోకూడదు కనుక, బస నుంచి నడిచిపోగలిగే దూరంలో ఉన్న బ్రూవరీయే, ఎంత గొప్పదైనా దూరంగా ఉన్న బ్రూవరీ కన్నా మెరుగు. 21 ఏళ్లు నిండని తమ్ముళ్లను వెంట తీసుకుపోవద్దని కూడా చెబుతుంటాను. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగితే అందరి సాయంత్రమూ పాడవుతుంది.

వేళ ముఖ్యం. శనివారం రాత్రి తొమ్మిది తరువాత మన మాట మనకే వినిపించని డీజే మోతలో, ట్యాంకు గురించి ఎవరిని అడుగుతాం, ఎవరు చెబుతారు? నాలుగు, ఐదు గంటల మధ్య వెళ్తే బల్లలు ఖాళీగా ఉంటాయి, వెయిటర్లకు తీరిక ఉంటుంది, ఒక్కోసారి బ్రూవరే గాజు గోడ వెనక నుంచి వచ్చి నిలబడి మాట్లాడతాడు. నాకు ఈ విషయంలో తెలిసినదాంట్లో చాలా భాగం అటువంటి సాయంత్రాల్లో వారిని అడిగి తెలుసుకున్నదే. తాము చేసిన పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే చెప్పడానికి ఇష్టపడని బ్రూవర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

మంచింగ్ సంగతి క్లుప్తంగా. మనం తినే కారానికి ఐపీఏ చేదు తోడైతే మంట రెట్టింపైనట్టు నా నాలుకకు అనిపిస్తుంది. కారంగా తినాలనుకుంటే గోధుమ బీరు తెచ్చుకోవడం మేలు. మా వరంగల్ సర్వపిండి పక్కన హెఫెవైజెన్ ఎంత బాగుంటుందో ఏ బ్రూవరీ వంటగదికీ ఇంకా తట్టకపోవడం నా చిరకాలపు ఫిర్యాదు.

ఇంత ధర పెట్టి ఈ తతంగమంతా ఎందుకు, వైన్స్‌లో సీసా కొనుక్కుంటే పోదా అని అడిగేవారున్నారు. బ్రూవరీలో ఒక్క గ్లాసు ధర వారిని భయపెడుతుంది, ఆ భయంలో న్యాయం ఉంది. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ బకాయిలు, ధరల విషయమై రాష్ట్రానికి సరఫరా నిలిపివేసినప్పుడు మన ఊళ్లలో కింగ్‌ఫిషర్ కోసం ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుండే ఉంటుంది. కొద్ది రోజులకు సరఫరా తిరిగి మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగాయి. మన బీరు తాగడమంతా ఒకటి, రెండు పెద్ద కంపెనీల లారీల మీద ఎంతగా ఆధారపడి ఉందో ఆ రోజుల్లో తెలిసింది. తన వెనక గదిలో తానే కాచుకునే బ్రూవరీకి ఆ లారీతో పని లేదు. నేను ఎక్కువ ధర పెట్టేది ఆ వెనక గదికి, అక్కడ పనిచేసే మనిషికి. ఆ గది ఎలా ఉందో, ఆ మనిషి ఎవరో అడగకుండా వచ్చేసేవారికి మాత్రం వైన్స్ సీసాయే సరసమైన బేరమని ఒప్పుకుంటాను.

పాటలు, స్నేహితులు, మేడమీది గాలి కోసమే వెళ్తామనేవారితో నాకు తగాదా లేదు. వారి లెక్కలు వేరు, వారికి ర్యాంకుల పట్టికలు బాగానే పనికొస్తాయి. బీరు కోసం వెళ్లేవారికి ఒక్క సలహా ఇవ్వగలను. శనివారం సాయంత్రం మొదటి చోట ఏ రకం తాగారో, ఆదివారం మధ్యాహ్నం రెండో చోట కూడా అదే రకం మొదట అడగండి. కొత్త రకాల మోజు కాసేపు పక్కన పెట్టండి. హెఫెవైజెన్ అయితే హెఫెవైజెన్, లాగర్ అయితే లాగర్. ఒకే పేరున్న బీరు రెండు చోట్ల ఎంత తేడాగా ఉందో, ఎవరిది తాజాగా ఉందో, ఎవరు తొందరపడ్డారో అప్పుడు మీ నాలుకకే తెలిసిపోతుంది. నన్ను పేరు అడగనవసరం ఉండదు. ఆదివారం మధ్యాహ్నం అంటున్నది కూడా ఊరికే కాదు: రెండు గ్లాసులు ముగించి, భోజనం చేసి, నాలుగింటికి చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్‌లో బస్సు పట్టుకుని రాత్రి భోజనం వేళకు హన్మకొండ చేరుకోవచ్చు, సోమవారం పొద్దున డ్యూటీకి ఇబ్బంది ఉండదు.